ఇల్లు లేనివాళ్ల కోసం పొలం: పెద్దమనుషులు సంతకాలు పెట్టారు, నన్నూ పెట్టమంటున్నారు

వేపనీడ
మా దగ్గర ఓ ప్రతిపాదన నడుస్తోంది. రోడ్ల మీద, వంతెనల కింద పడుకునేవాళ్ల కోసం ఊరి బయట ఒక పొలం. అక్కడే ఉండటం, అక్కడే పని, డాక్టరు, కౌన్సెలింగ్. మందు, మత్తు మానాలనుకునేవాళ్లు, మనసు బాగోక ఇల్లు వదిలి తిరుగుతున్నవాళ్లు కోలుకునేదాకా ఉండొచ్చట. వార్డు మెంబర్లు, మతపెద్దలు, వర్తక సంఘం, రిటైరైన టీచర్లు అందరూ కలిసి మద్దతు లేఖ రాశారు. కాలనీ సంఘంలో తిరుగుతాను కాబట్టి నన్నూ సంతకం పెట్టమన్నారు.

నాకు చెయ్యి ఆడలేదు. పని మంచిదే అనిపిస్తోంది గానీ రెండు అనుమానాలు వదలడం లేదు. మట్టిలో పని చేస్తే మనసు కుదుటపడుతుందన్నది నిజంగా జరిగేదేనా, లేక వినడానికి బాగుండే మాటా? ఇంకోటి, సంతకం పెట్టినవాళ్లలో కొందరు మొన్నటిదాకా "వీళ్లని ఇక్కణ్ణుంచి లేపేయండి" అని అర్జీలు పెట్టినవాళ్లే. కోలుకోడానికి పంపుతున్నారా, కంటికి కనపడకుండా పంపుతున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

కందిరీగ
రెండోదానికి జవాబు నీ పోస్టులోనే ఉందన్నా. ఊరి బయట అన్నావుగా.

నల్లరేగడి
కందిరీగా, పొలం ఊరి బయట కాక బస్టాండ్‌లో ఉంటుందా తమ్ముడూ? ఆ ఒక్క ముక్క పట్టుకుని కొట్టిపారేయకు.

నేను రైతుని, మొదటి ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తా. పొలం పని ఎవరికైనా మంచి చేస్తుందని గుడ్డిగా అనను. ఎండలో నడుం వంచి కలుపు తీయడం అలవాటు లేనివాడికి శిక్షే. కానీ ఏ పని ఇస్తామన్నదాన్నిబట్టి ఉంటుంది. ఆకుకూర మడి వేస్తే నాలుగో రోజుకో ఐదో రోజుకో మొలక కనపడుతుంది, నెల తిరక్కుండా కోతకొస్తుంది. తను చేసిందానికి ఫలితం వారాల్లో కళ్లెదుట ఉంటుంది. అదే మామిడి మొక్క చేతికిచ్చి ఇది ఏళ్ల తర్వాత కాస్తుంది అంటే, రేపు ఎక్కడుంటాడో తెలియని మనిషికి అది ఏం ఆనుతుంది? నారుమడి, కుండీలు, నర్సరీ, ఇవి కూర్చుని నీడలో చేసేవి. వాటితో మొదలెట్టాలి.

పశువులు పెడతారా అని అడగండి. ఆవులు, గేదెలు అయితే పండగ, జ్వరం, మూడ్ బాగోలేదు అన్నవి ఉండవు. తెల్లారకముందే పాలు తీయాలి, రోజూ. కొందరికి ఆ కట్టుబాటే నిలబెడుతుంది. కొందరికి మోయలేని బరువు. అందుకే జీతానికి ఒక పాలేరైనా ఉండాలి, వీళ్లు చేయలేని రోజు గొడ్డు ఆకలితో అరవకూడదు.

లెక్కలపుస్తకం
నేను సూటిగా వ్యతిరేకిస్తున్నా. ఇల్లు లేనివాడికి కావలసింది ఇల్లు. పొలం కాదు.

ముందు మందు మాను, ముందు మందులు వేసుకో, ముందు క్రమశిక్షణ నేర్చుకో, ఆ తర్వాత ఇల్లు చూద్దాం అన్న పాత పద్ధతిని 1992లోనే న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే సైకాలజిస్టు తిరగేశాడు. పాత్‌వేస్ టు హౌసింగ్ అని సంస్థ పెట్టి, షరతుల్లేకుండా ముందు ఇల్లిచ్చి, తర్వాత వైద్యం అందించాడు. దాన్నే హౌసింగ్ ఫస్ట్ అంటారు. కెనడాలో 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో దీని మీద పెద్ద ప్రయోగం చేశారు. మానసిక అనారోగ్యం ఉండి ఇల్లు లేనివాళ్లు. చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి పోల్చారు. ఆఖరి ఆరు నెలలు చూస్తే, ముందే ఇల్లిచ్చిన గుంపులో 62 శాతం మంది ఆ ఆరు నెలలూ ఇంట్లోనే ఉన్నారు. మామూలు సేవలు అందుకున్న గుంపులో 31 శాతం. సరిగ్గా సగం.

పొలాల మీద ఇంత గట్టి రుజువు లేదు. ఉన్న అధ్యయనాలు ఎక్కువ చిన్నవి, పోల్చి చూడటానికి రెండో గుంపు లేనివి. ఆ భూమికి, భవనాలకి పెట్టే డబ్బు అద్దె ఇళ్లకి పెట్టమని రాయండి లేఖలో.

తూనీగ
మాస్టారు లెక్కలతో దిగారు, ఇక మనం కూర్చోవాల్సిందే 😀

నల్లరేగడి
మాస్టారూ, ఇల్లిచ్చాక పగలంతా ఏం చేస్తాడు ఆ మనిషి? నాలుగు గోడల మధ్య ఒక్కడే కూర్చుంటాడా?

లెక్కలపుస్తకం
మంచి ప్రశ్నే. ఒంటరితనం హౌసింగ్ ఫస్ట్‌కి ఉన్న అసలు సమస్యే, కాదనను. కానీ దానికి మందు పని, స్నేహితులు. ఇల్లు తీసేసి పొలంలో పెట్టడం కాదు.

ఫుట్‌పాత్_పాతకాపు
ఇక్కడ అందరూ వాళ్లు వాళ్లు అంటున్నారు. నేను ఆ వాళ్లలో ఒకణ్ణి, కాబట్టి రాస్తున్నా.

కొన్నేళ్లు రోడ్డు మీద ఉన్నా. మందు ఉంది, అంతకుముందు ఇంట్లో గొడవలున్నాయి, అవి వదిలేయండి. రోడ్డు మీద అన్నిటికంటే కరువు నిద్ర. తిండి ఎవరో ఒకరు పెడతారు. నిద్ర ఎవరూ పెట్టరు. చెప్పులు తలకింద పెట్టుకుని పడుకోవాలి, లేకపోతే పొద్దున ఉండవు. లాఠీ అరికాలి మీద తట్టి లేపుతుంది. మాత్ర కూడా అందుకే వేసుకోం, వేసుకుంటే మొద్దునిద్ర పడుతుంది, సంచీ పోతుంది. డాక్టరు మాత్రం "మందులు సరిగ్గా వాడడు" అని రాస్తాడు.

నన్ను మొదట ఒక హోముకి తీసుకెళ్లారు. పేరొద్దు. గేటుకి బయట తాళం. గుండు గీశారు, అడక్కుండా. దొడ్డి ఊడవడం, సొరకాయ పాదులకి నీళ్లు పోయడం, దాన్నీ థెరపీ అనే అన్నారు. గోడ దూకి వచ్చేశా.

తర్వాత చాలాకాలానికి ఇంకోచోటికి వెళ్లా. అక్కడా తోటే. కానీ గదికి లోపలి గడియ ఉంది. లోపలి నుంచి నేను వేసుకునే గడియ. మొదటి వారం నన్నెవరూ పనికి లేపలేదు. తిన్నా, పడుకున్నా, మళ్లీ తిన్నా. తర్వాత నర్సరీ చూసే పెద్దాయన వచ్చి "వంగనారు సంచుల్లోకి మార్చాలి, నీ చేతులు సన్నగా ఉన్నాయి, వేర్లు తెగకుండా తీయగలవు, చేస్తావా?" అని అడిగాడు. చేస్తావా అన్నాడు, చెయ్యి అనలేదు. చేతులు వణికేవి నాకు. మొదటి రోజు సగం మొక్కలు విరిచేశా. ఆయన ఏమీ అనకుండా ఇంకో ట్రే ఇచ్చాడు. వణుకు తగ్గిందా లేదా అని నాకు తెలిసింది ఆ మొక్కల వల్లే, విరగడం తగ్గింది గనక.

అందుకే వేపనీడ అన్నా, మట్టితో మనసు బాగవుతుందా అంటే నా మటుకు అయింది. అదే మట్టి మొదటిచోట కూడా ఉంది, అక్కడ కాలేదు.

తూనీగ
ఈ పోస్టు ఆ లేఖ రాసినవాళ్లకి చూపించాలి.

గడప_దాటని
నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, అయినా చెప్తా. ఆ పొలం పక్కన ఇల్లున్నవాళ్ల గురించి ఎవరైనా అడిగారా? ఆడపిల్లలు స్కూలుకి ఆ దారినే వెళ్లాలి. మత్తుకి అలవాటు పడ్డ మనుషులు, మతిస్థిమితం లేనివాళ్లు అందరినీ ఒక్కచోట చేర్చి మా ఇంటి పక్కన పెడితే సంతకం పెట్టిన పెద్దమనుషులకేం పోయింది? వాళ్ల ఇళ్లు అక్కడ లేవుగా. మా స్థలాలు కొనేవాడుండడు.

కందిరీగ
వాళ్లు ఇప్పుడు మాత్రం ఎక్కడున్నారు అక్కా? అదే దారిలో, అదే బస్టాప్‌లో. తిండి, నిద్ర, వైద్యం లేకుండా. దానికంటే ఇది ప్రమాదమా?

గడప_దాటని
ఒక్కొక్కరుగా ఉండటం వేరు, గుంపుగా ఉండటం వేరు. నా భయం నాకుంటుంది. ఎగతాళి చేయొద్దు.

కందిరీగ
ఎగతాళి కాదక్కా, నిజంగానే అడిగా.

మాలతీలత
గడప గారి భయాన్ని తీసిపారేయకండి. పక్కనుండేవాళ్లని ముందే కూర్చోబెట్టి మాట్లాడకపోతే ఇలాంటివి అక్కడే ఆగిపోతాయి.

బెల్జియంలో గీల్ అనే ఊరుంది. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లని ఊరివాళ్లే తమ ఇళ్లలో ఉంచుకోవడం అక్కడ మధ్యయుగాల నుంచి నడుస్తోంది. ఇప్పటికీ ఉంది, తగ్గిందిగానీ. 1930ల చివర్లో అయితే మూడున్నర వేలమందికి పైగా అలా ఇళ్లలో ఉండేవారు. వాళ్లని రోగులు అనరు, తమతో ఉంటున్నవాళ్లు అంటారు. ఆ కుటుంబాలు ఎక్కువ రైతు కుటుంబాలే, వచ్చినవాళ్లూ పొలంలో తలో చెయ్యీ వేసేవారు. ఆ ఊరి పిల్లలు వాళ్ల మధ్యే పెరిగారు. వెనకాల ఆసుపత్రి ఉంటుంది, ఏదైనా తేడా వస్తే అక్కడికి తీసుకెళ్తారు. అది లేకుండా ఊరివాళ్ల మంచితనం మీదే వదిలేయలేదు.

ఇంకో మాట. ఇంతసేపూ అందరూ "వాడు, అతను" అనే రాస్తున్నారు. రోడ్డు మీద ఆడవాళ్లు లేరా? రాత్రిళ్లు ఒకచోట పడుకోకుండా తిరుగుతూనే ఉంటారు, అందుకే లెక్కల్లో పడరు. ఈ పొలంలో వాళ్లకి చోటుందా? పిల్లతో వచ్చిన తల్లికి? మగవాళ్లతో పక్కపక్కనే మొదట్లోనే ఉంచితే చాలామంది రారు. దీని గురించి లేఖలో ఒక్క ముక్కైనా ఉందా వేపనీడ గారూ?

వేపనీడ
ఇప్పుడే మళ్లీ చదివా. లేదు. "నిరాశ్రయులైన సోదరులు" అని ఉంది.

మాలతీలత
అదీ సంగతి.

డ్యూటీనర్స్
నైట్ డ్యూటీ దిగి చదివాను, పెద్ద పోస్టు రాస్తున్నా ఓర్చుకోండి.

పొలం మంచిదా కాదా అన్నది పక్కన పెట్టండి, తీసుకెళ్లిన మొదటి వారంలోనే ప్రాణం పోయే అవకాశం ఉంది. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనపడి, జ్వరం, గుండెదడతో పరిస్థితి విషమిస్తుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం, వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. "మా ఆశ్రమంలోకి రాగానే మందు బంద్" అని గర్వంగా చెప్పే చోట్లంటే నాకు భయం. ముందు ఆసుపత్రిలో డిటాక్స్, అంటే డాక్టర్లు కనిపెట్టి ఉండి తాగుడు ఆపించడం, అక్కడ థయమిన్ (బి1 విటమిన్), తగిన మాత్రలు, ఆ తర్వాతే పొలం. ఈ వరస తప్పకూడదు.

ఎండ సంగతి ఎవరూ అనలేదు. సైకోసిస్‌కి, అంటే లేనివి కనపడటం, వినపడటం లాంటి జబ్బుకి, వాడే మందులు చాలావాటితో ఒంటికి వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది, వడదెబ్బ తొందరగా తగులుతుంది. వాటిలో ఒకటైన క్లోర్‌ప్రోమజైన్ వేసుకునేవాళ్లకి ఎండకి చర్మం కందిపోతుంది. మూడ్ మరీ ఎక్కువతక్కువలు కాకుండా ఇచ్చే లిథియం వాడేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతుల వణుకు ముదరడం, తూలడం, వాంతులు కనపడితే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. పొలం సూపర్‌వైజరు దాన్ని చూసి "మళ్లీ తాగొచ్చాడు" అనుకుంటే ఇక అయిపోయినట్టే. పని వేళలు పొద్దున, సాయంత్రం పెట్టండి. ఎవరు ఏ మందు మీద ఉన్నారో పని చెప్పేవాడికి తెలియాలి.

పాదాలు చూడాలి. రోడ్డు మీదనుంచి వచ్చినవాళ్లలో పుళ్లు లేని పాదం అరుదు. షుగరుంటే స్పర్శ కూడా ఉండదు. ఆ కాళ్లతో బురదలోకి దింపకూడదు. బూట్లు, టెటనస్ ఇంజక్షన్, రెండూ పార కంటే ముందు కావాలి.

ఇంకొక్కటి, ఇది బతిమాలి చెప్తున్నా. పురుగుమందు ఆ పొలంలో నిలవ పెట్టొద్దు. తాళం వేసిన గదిలో కూడా వద్దు. బతుకు మీద ఆశ పోయినవాళ్లు ఉండే చోట అది చేతికందేలా ఉండకూడదు. పురుగుమందులు కొట్టని సాగు చేయగలిగితేనే ఇలాంటి పొలం పెట్టాలి.

నల్లరేగడి
నర్సు గారూ, ఆఖరి ముక్కకి దండం. మందుడబ్బా రైతు ఇళ్లలోనే ఎంతమందిని తీసుకెళ్లిందో మాకు తెలుసు. ఆకుకూరలు, నర్సరీ అయితే పురుగుమందు అక్కర్లేకుండానే చేయొచ్చు. దిగుబడి కాస్త తగ్గుతుంది, తగ్గనీ.

ఫుట్‌పాత్_పాతకాపు
బూట్ల మాట నిజం. నాకు అక్కడ మొదట ఇచ్చిన వస్తువు అదే.

సర్వేనంబరు
పెద్దల మద్దతు ఉంటే చాలు అనుకునేవాళ్లకి ఒక ఉదాహరణ. కెనడాలో వాంకూవర్ ద్వీపం మీద, సెంట్రల్ సానిచ్‌లో వుడ్‌విన్ ఫామ్స్ అని ఉండేది. ఇల్లు లేనివాళ్లు, మత్తు నుంచి బయటపడాలనుకునేవాళ్ల కోసం 2009లో ఒక సొసైటీ 190 ఎకరాల పైచిలుకు పొలం కొంది. ఇటలీలో మత్తు మాన్పించే శాన్ పాట్రిన్యానో అనే కేంద్రం ఆ సొసైటీకి ఆదర్శం. మద్దతిచ్చినవాళ్లూ ఉన్నారు, ఇరుగుపొరుగుల అభ్యంతరాలూ ఉన్నాయి. కానీ అసలు చిక్కు భూమి చట్టంతో వచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో 1973 నుంచి సాగుభూమిని కాపాడే రిజర్వు ఉంది. ఆ భూమిలో పంట పండించొచ్చు గానీ అంతమందికి నివాసాలు కట్టాలంటే ఆ రిజర్వును చూసే కమిషన్ ఒప్పుకోవాలి. ఆ అనుమతి రాలేదు. పొలం ఉంది, పని ఉంది, మనుషులు పడుకోడానికి చోటు లేదు. చివరికి 2018లో ప్రావిన్స్ గృహనిర్మాణ సంస్థ ఆ పొలాన్ని కొనేసింది.

లేఖలో "మేము పూర్తిగా సమర్థిస్తున్నాం" అని రాయడం సులువు. ఆ భూమిలో నివాసానికి అనుమతి తెచ్చే పని ఎవరు నెత్తినేసుకుంటున్నారు, దాని గురించి ఎన్ని మీటింగులకి వస్తారు, అది అడగండి.

గడప_దాటని
ఇప్పుడు అర్థమైందా, పక్కవాళ్ల అభ్యంతరం ఉత్తిది కాదని.

సర్వేనంబరు
ఉత్తిది అని నేనెప్పుడన్నానండీ. పక్కవాళ్లతో మాట్లాడకుండా భూమి కొనడమే తప్పంటున్నా.

చట్టం_చదివినవాడు
శాన్ పాట్రిన్యానో పేరొచ్చింది కాబట్టి దాని కథ పూర్తిగా చెప్పాలి. 1978లో రిమిని దగ్గర విన్సెంజో ముచ్చోలి మొదలెట్టాడు. మత్తుకి బానిసలైనవాళ్ల దగ్గర పైసా తీసుకోకుండా ఏళ్ల తరబడి ఉంచి పని నేర్పారు, వైన్, జున్ను, నేత, చాలామంది బాగుపడ్డారు. ఇదంతా నిజం. పారిపోకుండా కొందరిని గొలుసులతో కట్టేశారని కేసు నడిచిందీ నిజమే. 1985లో కింది కోర్టు శిక్ష వేసింది, పైకోర్టు కొట్టేసింది. అప్పట్లో దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. "ప్రాణం కాపాడటానికి కట్టేస్తే తప్పేంటి" అన్నది ఒక పక్షం వాదన.

గొలుసు ఎక్కడికి తీసుకెళ్తుందో మనకి తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు.

ఇక చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటివాళ్లని ఉంచి కోలుకునేలా చేసే చోటు ఏదైనా రిజిస్టరు కావాల్సిందే, పేరు ఆశ్రమం అయినా పొలం అయినా. అందులో 20వ సెక్షన్‌లో రెండు విషయాలు చూడండి: బలవంతంగా గుండు గీయకూడదు, బలవంతంగా పని చేయించకూడదు, వాళ్లంతట వాళ్లు చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. పాతకాపు గారికి జరిగినవి రెండూ అవే. 19వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఇల్లు లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వడం లేదనో ఎవరినీ సంస్థలో ఉంచేయకూడదు. బాగయ్యాక సమాజంలో బతకడం వాళ్ల హక్కు.

కందిరీగ
జీతం ఇస్తే పొలం నడుస్తుందా? థెరపీ అని పని చేయించుకోవడమే కదా లాభం?

చట్టం_చదివినవాడు
అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. పాత మెంటల్ హాస్పిటళ్లకి పెద్దపెద్ద పొలాలుండేవి, రోగులే పండించేవారు, కూలీ లేకుండా. 1973లో సౌడర్ కేసులో కోర్టు, పని చేసే రోగులకి కనీస వేతన చట్టం వర్తిస్తుంది అంది. ఆ తర్వాత చాలాచోట్ల జీతమివ్వడం కంటే పని ఆపేయడమే తేలికనుకున్నారు. రోగులు పొద్దంతా టీవీ ముందు కూర్చున్నారు. కాబట్టి జీతం ఇవ్వాలి, పనీ ఆగకూడదు. కాలిఫోర్నియాలో శాంటా క్రజ్‌లో 1990 నుంచి నడుస్తున్న హోమ్‌లెస్ గార్డెన్ ప్రాజెక్టు ఆ దారే పట్టింది. అక్కడ తోట పని జీతమున్న ఉద్యోగం, బయట ఉద్యోగానికి తయారుచేసే శిక్షణ. ఉండటానికి చోటు వేరే.

లెక్కలపుస్తకం
ఇది నాకు ఒప్పుదల. పని వేరు, ఇల్లు వేరు. పని మానేస్తే ఇల్లు పోకూడదు.

నల్లరేగడి
హమ్మయ్య, మాస్టారు ఒక మెట్టు దిగారు.

లెక్కలపుస్తకం
దిగలేదు, మీరే ఎక్కారు 🙂 కానీ అమెరికాలోనే గూల్డ్ ఫామ్ సంగతి నాకూ తెలుసు. 1913 నుంచి మసాచుసెట్స్‌లో ఉంది, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లని అతిథులు అని పిలుస్తూ, సిబ్బంది కుటుంబాలతో కలిపి అదే పొలంలో ఉంచుతారు. నూరేళ్లు దాటి నిలబడ్డదాన్ని తేలిగ్గా తీసేయను. నా పట్టు ఒక్కటే, పొలం నుంచి బయటికొచ్చే రోజు ఆ మనిషి ఎక్కడికి వెళ్తాడు?

ఫుట్‌పాత్_పాతకాపు
అదే అసలు ప్రశ్న మాస్టారూ. నేను తోటలో బాగున్నా. బయటికొచ్చా. నెల తిరక్కుండా మళ్లీ అదే వంతెన కింద ఉన్నా. తాగి కాదు. అద్దెకి గది ఎవరూ ఇవ్వలేదు. ఇంతకుముందు ఎక్కడ ఉన్నావంటే ఏం చెప్పాలి? అడ్రసు లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బ్యాంకు లేదు, పని ఇచ్చేవాడికీ కార్డే కావాలి. తోటలో ఉన్నప్పుడు ఆ కార్డు చేయించే పని ఎవరికీ తట్టలేదు. తర్వాత ఒకాయన తన పూచీ మీద గది ఇప్పించాడు, వాచ్‌మన్ పని పెట్టించాడు. సంఘంలో పెద్దమనిషే. పూచీ సంతకం పెట్టాడు. మద్దతు సంతకం కంటే ఆ సంతకం బరువైంది.

తూనీగ
పూచీ సంతకం! వేపనీడ అన్నా, నీకు కావలసిన జవాబు ఇదే అనిపిస్తోంది నాకు.

డ్యూటీనర్స్
మానసిక వైద్యుడు భరత్ వట్వానీ గారి పని కూడా ఈ తీరుదే. మహారాష్ట్రలోని కర్జత్‌లో శ్రద్ధా సంస్థ ఆయనది, 2018లో మెగసెసే అవార్డు వచ్చింది ఆయనకి. రోడ్ల మీద తిరిగే మానసిక రోగుల్ని తెచ్చి, వైద్యం చేసి, మాటలు కూడగానే ఊరు పేరు రాబట్టి ఇంటికి చేరుస్తారు. పచ్చటి చోటే అది, కానీ అక్కడ ఉంచేయడం లక్ష్యం కాదు. ఇల్లు చేర్చాక మందులు ఆగకుండా చూడటమే కష్టమైన భాగం.

మాలతీలత
ఇంటికి చేర్చడం అందరికీ సరిపోదు మేడమ్. ఇంట్లో కొడితే పారిపోయి వచ్చిన ఆడవాళ్లని అదే ఇంటికి చేర్చకూడదు. చెన్నైలో ద బాన్యన్ అనే సంస్థ 1993 నుంచి రోడ్డు మీది ఆడవాళ్లతో పనిచేస్తోంది. ఇంటికి వెళ్లలేనివాళ్లు కొందరు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉండేలా, తోడుగా ఒక సహాయకురాలు ఉండేలా చూస్తున్నారు. పొలం తర్వాత అలాంటి ఇల్లు ఉండాలి.

డ్యూటీనర్స్
ఒప్పుకుంటున్నా. ఎక్కడికి వెళ్లాలన్నది వాళ్లనే అడగాలి.

సంతకందారు
వేపనీడ గారు లింకు పంపితే మొత్తం చదివాను. ఆ లేఖ తిప్పినవాళ్లలో నేనొకణ్ణి, వర్తక సంఘంలో ఉన్నా.

కంటికి కనపడకుండా చేయడానికేనా అన్నారు. అర్జీ పెట్టినవాళ్లు లేఖ మీదా ఉన్నమాట నిజం. వాళ్ల మనసులో ఏముందో నేను పూచీ పడలేను. కానీ ఆ అర్జీ మీద నేను సంతకం పెట్టలేదు, పెట్టినవాళ్ల దగ్గరికే పదిసార్లు తిరిగి ఈ లేఖ మీద పెట్టించాను. మా షాపుల వరండాలో పడుకునే ఒక పెద్దాయన చలికాలంలో పొద్దున లేవలేదు. షట్టరు ఎత్తడానికి వచ్చిన కుర్రాడు నిద్రపోతున్నాడనుకుని చాలాసేపు ఆగాడు. ఆ తర్వాత ఏదో ఒకటి చేయాలని మొదలైంది. తెలిసింది పొలం, కాబట్టి పొలం అన్నాం.

చదివాక నాకు కొన్ని తోచాయి. లేఖలో "సోదరులు" అన్న మాట మారుస్తాం, ఆడవాళ్లకి వేరే వసతి అని రాస్తాం. ఆసుపత్రిలో డిటాక్స్ తర్వాతే పొలం. గేటుకి తాళం ఉండదు. పనికి కూలీ. అయితే కూలీ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకింకా తేలలేదు, మా సంఘం కూరగాయలు కొంటానంటే కొంత వస్తుంది, అంతా రాదు.

నల్లరేగడి
నర్సరీ మొక్కలు అమ్మండి. కూరగాయల కంటే నిలకడ ఉంటుంది. విత్తనం, ట్రేలు నేను చూస్తా, మీటింగుకి పిలవండి.

గడప_దాటని
ఆ పక్కన ఉండేవాళ్లని పిలుస్తారా లేదా?

సంతకందారు
పిలుస్తాం. మొదటి మీటింగు మీ వీధిలోనే పెడదాం. మీరు అడగదలచుకున్నవన్నీ అడగండి. రాత్రిపూట పొలంలో ఎవరుంటారు, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ పేరు, నంబరు మీ చేతిలో పెట్టాకే ముందుకెళ్తాం.

గడప_దాటని
వస్తా. ఒప్పుకుంటానని మాత్రం అనుకోకండి.

సర్వేనంబరు
భూమి కాగితాలు ఆ మీటింగుకి ముందే నాకు పంపండి, చూసిపెడతా. నివాసానికి అనుమతి దొరకని భూమి అయితే బయానా ఇవ్వకండి.

లెక్కలపుస్తకం
బయటికొచ్చేవాళ్లకి గదులు ఇప్పించే పూచీ ఎవరిది? సంఘంలో అద్దె ఇళ్లున్నవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒక్కొక్కరు ఒక్క గది చొప్పున మాటిస్తే, ఆ పేర్లే లేఖ కింద వేయండి. మిగతా సంతకాలు లేకపోయినా ఫర్వాలేదు.

సంతకందారు
అడుగుతాను మాస్టారూ. గదులున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఎంతమంది ఊ అంటారో చూడాలి. నావి రెండు పోర్షన్లున్నాయి, ఒకటి రాసుకోండి.

వేపనీడ
అలా అయితే నేనూ పెడతా సంతకం. కార్డులు, బ్యాంకు పని నాకు వదిలేయండి, మీసేవ చుట్టూ తిరగడం నాకు అలవాటే.

ఫుట్‌పాత్_పాతకాపు
కమిటీలో రోడ్డు మీద బతికినవాళ్లు ఎవరున్నారు?

సంతకందారు
ఇప్పటికి ఎవరూ లేరు. మీరు వస్తారా? ఇంకొకరిని కూడా మీరే చెప్పండి, ఒక ఆవిడ అయితే మంచిది. మీటింగు ఆదివారం పొద్దున పది గంటలకి అనుకుంటున్నాం.

ఫుట్‌పాత్_పాతకాపు
నాది నైట్ డ్యూటీ, పదింటికి నిద్రలో ఉంటా. సాయంత్రం పెట్టండి, వస్తా. ఆవిడ సంగతి, నాకు తెలిసినామె ఉంది, అడిగి చెప్తా. నేను చెప్పగానే వస్తుందని రాసేసుకోకండి.